బొమ్మే... కానీ తుపాకీ!

పోయిన వారం కమలాపురంలోని మా ఇంటికి ఒక పిస్తోలు వచ్చింది. కంగారు పడకండి, బొమ్మ పిస్తోలే! ఇంటర్ చదివే మా అబ్బాయి దాచుకున్న డబ్బుతో కడపలో కొనుక్కున్నాడు. అమెరికా సైన్యం 1911లో చేపట్టిన కోల్ట్ పిస్తోలుకు అచ్చుగుద్దినట్టు నకలు. వీటిని ఎయిర్‌సాఫ్ట్ తుపాకులంటారు. 1970లలో జపానులో మొదలైన సరదా ఇది.

చేతిలోకి తీసుకుంటే నాకూ ముచ్చటేసింది. నల్లటి నునుపు, పిడి మీద గళ్ల చెక్కుడు. పైభాగం వెనక్కి లాగితే లోపల స్ప్రింగు బిగుసుకుంటుంది. ట్రిగ్గరు నొక్కితే 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండు టప్పున దూసుకుపోతుంది. పెరట్లో పెట్టిన బిస్కెట్ల అట్టపెట్టెకు చిల్లు పడింది. అదే గుండు కంటికి తగిలితే?

మా అత్తగారు దాని దగ్గరికే రాలేదు. "ఏమ్మా, చూసినోళ్లకు అది బొమ్మని ఎట్ల తెలుస్తాది?" అన్నారు. కక్షల కాలం చూసిన మనిషి మరి!

ఆమె భయం ఉత్తది కాదు. 2014లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో 12 ఏళ్ల టమిర్ రైస్ దగ్గరున్నదీ ఇలాంటి బొమ్మే. నిజమైనదనుకుని పోలీసు కాల్చాడు. మరునాడే ఆ పిల్లవాడు చనిపోయాడు. బొమ్మని తెలిపే నారింజరంగు మూతి దానికి లేదు.

అందుకే మావాడికి షరతులు పెట్టాను. మూతికి నారింజరంగు ఉండాలి. కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకోవాలి. ఎవరివైపూ గురిపెట్టకూడదు, గడప దాటించకూడదు. ఆట అయ్యాక అది బీరువాలోకి!

పిల్లల సరదా కాదనక్కర్లేదు. బీరువా తాళంచెవి మాత్రం మన కొంగుకే ఉండాలి.