అయ్యవారు దిద్దిన ఒత్తు

సెప్టెంబరు 5 వస్తే దేశమంతా గురువులను తలచుకుంటుంది. మన మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో 1909లో అధ్యాపక వృత్తి ఆరంభించిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారి పుట్టినరోజును 1962 నుంచి ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజున నా మనసు మాత్రం తిరువొత్తియూరులో మేం చదివిన రేకుల షెడ్డు తరగతికి పోతుంది.

1970ల నాటి మాట. మా ఊరు అప్పటికింకా చెన్నై కార్పొరేషన్‌లో కలవలేదు. అది జరిగింది 2011లో. ఒక పక్క సముద్రం, మరో పక్క ఫ్యాక్టరీలు. తెలుగు చదివే పిల్లలం పాతికమందికి మించం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, మా నోట్లో రెండూ కలగలుపు. ఒకసారి పెళ్ళికని నెల్లూరు పోతే, "మీది అరవ తెలుగు" అని అక్కడి పిల్లలు నవ్వారు. తిరిగొచ్చాక తరగతిలో నోరు విప్పడం మానేశాను.

మా తెలుగు అయ్యవారు అది కనిపెట్టారు. నెమ్మదిగా సంగతి రాబట్టి, మర్నాడు నన్ను నల్లబల్ల దగ్గరకు పిలిచారు. "మన ఊరి పేరు రాయి నాయనా" అన్నారు. నేను 'తిరువొతియూరు' అని రాశాను. తరగతంతా గొల్లుమంది. ఆయన నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని ఒత్తు పెట్టించారు.

"చూశావా, ఊరి పేరులోనే ఒత్తుంది! తెలుగులో వొత్తి అంటే దీపంలో వేసేది. తమిళంలో 'ఒత్తి' అంటే తాకట్టు. నీకు రెండూ తెలుసు, నెల్లూరు పిల్లలకు ఒకటే తెలుసు. ఇక నవ్వాల్సింది ఎవర్రా?" అన్నారు. ఆ రోజుతో నా సిగ్గు పోయింది.

ఆ సాయంత్రమే మమ్మల్ని త్యాగరాజస్వామి గుడికి తీసుకుపోయారు. వీణ కుప్పయ్యర్ ఈ ఊళ్ళోనే ఉండేవారనీ, తన గురువు త్యాగయ్యగారిని ఇక్కడికి ఆహ్వానించారనీ, ఆయన ఇక్కడి త్రిపురసుందరి అమ్మవారి మీద అయిదు కీర్తనలు తెలుగులో చెప్పారనీ గుడి మెట్ల మీద కూర్చోబెట్టి చెప్పారు. కుప్పయ్యర్ తన కొడుక్కి గురువుగారి పేరే పెట్టుకున్నారు. ఆ కొడుకే తిరువొత్తియూరు త్యాగయ్యర్. తండ్రి రచనలనూ తన రచనలనూ చేర్చి 'పల్లవి స్వర కల్పవల్లి' అనే గ్రంథాన్ని 1900లో అచ్చు వేయించారు. "గురువును తలచుకోవడమంటే ఇదిరా" అన్నారు అయ్యవారు.

ఆయన రిటైరై సొంతూరు వెళ్ళిపోయారు. రేపు రాద్దాం, మాపు రాద్దామనుకుంటూ ఒక్క ఉత్తరమైనా రాయలేదు నేను. కబురు తెలిసేసరికి ఆయన లేరు. 'ఒత్తి'కి ఆయన చెప్పిన తమిళ అర్థం ఆనాడు గుర్తుకొచ్చింది. తాకట్టు విడిపించుకోకుండానే గడువు దాటిపోయింది.

2006 చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం ఒకటో తరగతి మొదలుకొని అంచెలంచెలుగా తప్పనిసరి అయింది. ఉన్న నేల భాష నేర్వడం మంచిదే. అయితే మన పిల్లలకు తెలుగు రాత ఇంట్లోనే నేర్పుకోవలసిన రోజులివి. మా మనవడు తెలుగు చక్కగా మాట్లాడతాడు, చదవలేడు. అందుకే ఆదివారాలు మా వరండాలో వాడితోపాటు మరో నలుగురికి అక్షరాలు దిద్దిస్తున్నాను. గుణింతాలు, ఒత్తులు అయ్యాక, ఊరి పేరు రాయమన్నాను. మావాడు ఒత్తు వదిలేశాడు! నాకు కోపం రాలేదు. చెయ్యి పట్టుకుని పెట్టించాను.

పాఠకులారా, మీకు అక్షరం దిద్దిన అయ్యవారో, పంతులమ్మో ఇంకా ఉండి ఉంటే ఈ వారమే ఒక కార్డు ముక్క రాయండి. లేకపోతే, ఎదురింటి పిల్లవాణ్ణి పిలిచి ఒక ఒత్తు దిద్దించండి.