బొటనవేలు తేల్చిన బేరం

కొండాపూర్‌లో ఎవరితోనైనా “పన్నెండు బోర్ పంప్” అని చూడండి. మీ అపార్ట్‌మెంట్ బోరు ఎండిపోయిందనుకుని, మోటారు ఎన్ని హెచ్‌పీ అని అడుగుతారు. నేనూ ఆ బాపతే. డాలస్ పక్కన ఇర్వింగ్ నుంచి మా అక్క కొడుకు వీడియో కాల్ చేసి, “మామయ్యా, పన్నెండు బోర్ పంపులు రెండు చూసిపెట్టాను. ఏది తీసుకోమంటావ్?” అనగానే, “ఏరా, ఇల్లు కొన్నావా? చెప్పనేలేదే!” అన్నాను.

వాడు కొనాలనుకున్నది తుపాకీ. వచ్చే వసంతంలో ఆఫీసు స్నేహితులతో టర్కీ కోళ్ల వేటకు వెళ్తాడట. సంక్రాంతికి ఊళ్లో కోడిని కోస్తుంటే ఇంట్లోకి పారిపోయి తలుపేసుకున్న పిల్లాడు వీడు. మాదాపూర్‌లో ఆరేళ్లు కీబోర్డు కొట్టి, హెచ్‌1బీ మీద వెళ్లాడు. నన్నెందుకు అడిగాడంటే, బాలానగర్ లేత్ మెషీన్ల మధ్య నా జీవితం గడిచింది. తుపాకీ సంగతి తెలియదు గానీ ఇనుము సంగతి తెలుసు. వేట మీద నాకు మోజు లేదు. కానీ యంత్రం ఎదురుగా కనిపిస్తే విప్పి చూడకుండా ఉండలేను.

ముందు అసలు వీసా మీద ఉన్నవాడికి తుపాకీ ఇస్తారా అని అడిగాను. ఇవ్వరు, కొన్ని మినహాయింపులు తప్ప. తాత్కాలిక వీసాలవాళ్లు తుపాకీ కలిగి ఉండరాదని అమెరికా 1998 అక్టోబరులో చట్టం చేసింది. అదే ఏడాది నవంబరు 22న ఇక్కడ సైబర్ టవర్స్‌ను వాజ్‌పేయి ప్రారంభించారు. ఆ భవనం ఎందరిని ఆ వీసాల మీద పంపబోతోందో అప్పుడెవరికి తెలుసు! ఆ చట్టంలోనే ఉన్న ఒక మినహాయింపు వేట లైసెన్సు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు చేతిలో ఉంటే వీసాదారుడూ తుపాకీ కొనుక్కోవచ్చు. అంటే మనవాడికి తుపాకీ ముందు, వేట తర్వాత కాదు. వేట లైసెన్సు వస్తేనే తుపాకీ.

వాడు చూసిపెట్టిన రెండూ రెమింగ్టన్ 870, మాస్‌బర్గ్ 500. అమెరికాలో పంపు తుపాకీ అనగానే ఎవరి నోటైనా మొదట వచ్చే పేర్లు ఇవే.

బోర్ లెక్క తమాషాగా ఉంటుంది. ఒక పౌను సీసాన్ని కరిగించి పన్నెండు సమానమైన గుండ్లు పోస్తే, ఒక్కో గుండు ఎంత లావుంటుందో ఆ బ్యారెల్ రంధ్రం అంత. 12 బోర్ అంటే సుమారు 18.5 మిల్లీమీటర్లు. ఇరవై గుండ్లు పోస్తే 20 బోర్. అంకె పెరిగేకొద్దీ రంధ్రం సన్నబడుతుంది. మా షాపులో వైరు గేజీ లెక్కా ఇలాగే తిరగేసి ఉండేది.

ఇక పంపు. ఊళ్లో చేతి బోరింగు కొట్టినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. బ్యారెల్ కింద ఇంకో గొట్టం ఉంటుంది. అందులో తూటాలు వరసగా, స్ప్రింగు ఒత్తిడితో కూర్చుంటాయి. ఆ గొట్టం మీద జారే చెక్కను ఎడమచేత్తో వెనక్కి లాగితే బోల్టు తాళం విడిపోతుంది, పేలిన ఖాళీ తూటా పక్కకు ఎగిరిపడుతుంది, లోపలి సుత్తి వెనక్కి వంగి సిద్ధమవుతుంది. ముందుకు తోస్తే కింది నుంచి కొత్త తూటా లేచి బ్యారెల్‌లో దూరుతుంది, బోల్టు మళ్లీ బిగుస్తుంది. ఒక లాగుడు, ఒక తోపుడు. గ్యాసుతోనో ఎదురుదెబ్బతోనో పని లేదు, అంతా మనిషి కండ బలమే. తూటా మంచిదైనా నాసిదైనా పంపు పట్టించుకోదంటే కారణం అదే.

ఈ ఆలోచన అమెరికాది అనుకుంటారు. 1854లోనే బ్రిటన్‌లో అలెగ్జాండర్ బెయిన్ దీనికి పేటెంటు తీసుకున్నాడు. బజారులో నిలబడిన మొదటి పంపు షాట్‌గన్ మాత్రం 1882లో అమెరికాలో క్రిస్టఫర్ స్పెన్సర్ చేసింది. తర్వాత ఆ హక్కులు కొనుక్కున్న బ్యానర్‌మన్ అనే వర్తకుడు, నా యంత్రాన్ని కాపీ కొట్టారని వించెస్టర్ కంపెనీ మీద దావా వేశాడు. వించెస్టర్‌వాళ్లు యూరప్‌కు మనిషిని పంపి పాత పేటెంట్లు తవ్వి తెచ్చారు. కాగితాల దుమ్ములోంచి బెయిన్ లేచొచ్చి సాక్ష్యం చెప్పినట్టయింది. బ్యానర్‌మన్ ఓడిపోయాడు.

వించెస్టర్‌కు ఆ తుపాకీ గీసిచ్చింది జాన్ బ్రౌనింగ్. ఆయన 1897 మోడల్ మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లోకి దిగింది. అనవసరమైన బాధ కలిగిస్తోందని 1918 సెప్టెంబరులో జర్మనీ అధికారికంగా అభ్యంతరం తెలిపింది. మూడేళ్ల ముందు విషవాయువు వదిలిన సైన్యం ఆ మాట అంది! మన దగ్గర కశ్మీర్‌లో 2010 నుంచి గుంపుల మీద వాడిన పెల్లెట్ గన్లూ ఈ జాతివే. వాటివల్ల ఎందరో చూపు పోగొట్టుకున్నారు. యంత్రం బాగుందని మెచ్చుకునేటప్పుడు ఇదీ మరిచిపోకూడదు.

రెమింగ్టన్ కథలో ఒక ముక్క మావాడి వేళ్ల కిందే ఉంది. 1816లో మొదలైన ఆ కంపెనీ న్యూయార్క్ రాష్ట్రంలో ఇలియన్ అనే చిన్న ఊళ్లో తుపాకులు చేసేది. అంతర్యుద్ధం ముగిశాక గిరాకీ తగ్గి, 1873లో షోల్స్ అనే ఆయన టైపురైటర్‌ను తయారుచేయడానికి ఒప్పుకుంది. క్యూ, డబ్ల్యూ, ఇ, ఆర్, టీ, వై వరస లోకంలోకి వెళ్లింది ఆ కర్మాగారం నుంచే. రాయదుర్గం నుంచి నానక్‌రామ్‌గూడ దాకా అద్దాల మేడల్లో ఇవాళ కొట్టే ప్రతి కోడు లైనూ ఒక తుపాకుల ఫ్యాక్టరీ అమర్చిన అక్షరాల మీదుగానే పోతోంది.

అదే ఊళ్లో 1950లో 870 పుట్టింది. అంతకుముందు చేసిన మోడల్ 31 చేతిలో వెన్నలా జారేదంటారు. కానీ తయారీ ఖర్చెక్కువ కావడంతో వించెస్టర్ మోడల్ 12 ముందు నిలవలేకపోయింది. అందుకని రెమింగ్టన్ ఇంజనీర్లు ఈసారి ఖర్చు మీద కూర్చున్నారు. ట్రిగ్గర్ భాగాలను తమ ఇతర తుపాకులతో పంచుకునేలా గీశారు. చాలా ముక్కల్ని చెక్కే బదులు రేకు నుంచి ప్రెస్సులో కొట్టారు. ఒక్క రిసీవర్‌ను, అంటే బోల్టు కదిలే పెట్టెను మాత్రం ఉక్కు దిమ్మ నుంచి చెక్కారు. ఎక్కడ పిసినారితనం చూపాలో, ఎక్కడ చూపకూడదో తెలిసిన పని అది. 2009 నాటికి కోటి తుపాకులు తయారయ్యాయి. తర్వాత కంపెనీ అప్పుల్లో మునిగి 2018లో ఒకసారి, 2020లో మరోసారి దివాలా తీసింది. ముక్కలుగా అమ్ముడుపోయింది. 2024 మార్చిలో ఇలియన్ ఫ్యాక్టరీకి తాళం పడింది.

మాస్‌బర్గ్ కథ మన ఐటీ కారిడార్‌లో ఎక్కువమందికి అర్థమవుతుంది. ఆస్కార్ మాస్‌బర్గ్ స్వీడన్ నుంచి వచ్చిన వలసజీవి. ఎన్నో తుపాకీ కంపెనీల్లో చాకిరీ చేశాడు. చివరి ఉద్యోగం పోయేసరికి ఆయనకు 53 ఏళ్లు. 1919లో ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని న్యూ హేవెన్‌లో సొంత షాపు పెట్టాడు. ఆ షాపు నుంచి 1961లో కార్ల్ బెన్సన్ గీసిన మోడల్ 500 వచ్చింది. రిసీవర్ అల్యూమినియంది. ఉక్కువాళ్లు నవ్వారు.

ఇక్కడ నాలో లేత్ మనిషి లేచాడు. తూటా పేలేటప్పటి ఒత్తిడిని అల్యూమినియం పెట్టె ఎలా తట్టుకుంటుంది? జవాబు రెండు తుపాకుల్లోనూ ఒకటే. ఆ ఒత్తిడి అసలు పెట్టె మీద పడదు. బ్యారెల్ వెనక భాగం కొంచెం పొడుగ్గా పెట్టె లోపలికి వస్తుంది, బోల్టు నేరుగా ఆ ఉక్కులోనే తాళం వేసుకుంటుంది. ఉక్కును ఉక్కే పట్టుకుంటుంది. చుట్టూ ఉన్న రిసీవర్ పని దారి చూపడమే. కాబట్టి ఉక్కు రిసీవర్ గట్టిది, అల్యూమినియంది బలహీనం అని షాపులో చెప్తే వినొద్దని మావాడికి రాశాను. ఉక్కుకు జారుడు సాఫీగా ఉంటుంది, బరువుగా ఉంటుంది, తడికి తుప్పు పడుతుంది. అల్యూమినియం తేలిక, రిసీవర్‌కు తుప్పు భయం లేదు, కాస్త లొడలొడలాడుతుంది. 500 ను చేత్తో ఊపితే వచ్చే చప్పుడుకు కొత్తవాళ్లు బెదురుతారు గానీ, ఆ వదులు వల్లే మట్టి చేరినా ఆగకుండా పనిచేస్తుంది.

ఒక విషయంలో మాస్‌బర్గ్ వెనకబడింది. 870లో జారే చెక్కను బోల్టుతో కలిపే కడ్డీలు రెండు, కుడి ఎడమల. 500 లో మొదట ఒక్కటే. ఒక వైపే లాగితే ఏదైనా వాలి పట్టేస్తుంది, టేబుల్ సొరుగును ఒక చేత్తో ఓరగా లాగినట్టు. రెమింగ్టన్ పేటెంటు గడువు తీరేదాకా ఆగి, 1970లో మాస్‌బర్గ్ కూడా రెండు కడ్డీలు పెట్టింది. మరోపక్క 500 లో ఖాళీ తూటాను పట్టి లాగే గోళ్లు రెండు, 870లో ఒకటే. ఖాళీ తూటాను బయటికి తన్నే ముక్క 500 లో మరతో బిగించి ఉంటుంది, విరిగితే స్క్రూడ్రైవర్ చాలు. 870లో అది రివెట్ చేసి ఉంటుంది, మెకానిక్ దగ్గరికి పోవాల్సిందే. ఇలాంటివన్నీ కలిపి చూస్తే చెరి సగం.

మరి టర్కీ? అది మన నెమలికి దూరపు చుట్టమే, ఇద్దరిదీ ఒకే కుటుంబం. గాలిలో ఎగిరే పిట్టను కొట్టే వేట కాదిది. మనిషి చెట్టుకు ఆనుకుని, ఆకుపచ్చ మచ్చల బట్టలతో కదలకుండా కూర్చుని, పెట్ట గొంతుతో పిలుస్తాడు. పుంజు వెతుక్కుంటూ నడిచి వస్తుంది. దాని ఒళ్లు దట్టమైన ఈకల కవచం, అందుకే గురి తల మీద, మెడ మీద. ముప్పై నలభై గజాల దూరంలో పిడికిలంత లక్ష్యం అన్నమాట. అక్కడ పనిచేసేది పంపు కాదు, బ్యారెల్ మూతి. చోక్ అనే సన్నటి మూతి బిగించి 18.5 మిల్లీమీటర్ల రంధ్రాన్ని 17కు కుదిస్తే, పెల్లెట్లు చెదరకుండా గుంపుగా వెళ్తాయి. నీళ్ల పైపు కొసను బొటనవేలితో నొక్కినప్పుడు ధార దూరం పోవడం లాంటిదే. ఇప్పుడు సీసం బదులు టంగ్‌స్టన్ పెల్లెట్లూ వచ్చాయి. సీసం సాంద్రత 11.3 అయితే వీటిది 18 దాకా. రెండు మిల్లీమీటర్ల గింజే మూడు మిల్లీమీటర్ల సీసంలా దూసుకుపోతుంది కాబట్టి ఒక తూటాలో రెట్టింపు గింజలు పడతాయి. చోక్, తూటా బాగా కుదిరితే పైన ఏ కంపెనీ పేరుందో పుంజుకు తెలియదు.

వేట పేరెత్తితే మనకు పాపభీతి. కానీ ఒక లెక్క చెప్పాలి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అడవి టర్కీలు అమెరికా మొత్తం మీద 2 లక్షలకు పడిపోయాయి. ఇప్పుడు 60 లక్షల దరిదాపుల్లో ఉన్నాయి. 1937 చట్టం ప్రకారం ప్రతి షాట్‌గన్ మీద, తూటాల పెట్టె మీద 11 శాతం పన్ను వన్యప్రాణుల రక్షణకు వెళ్తుంది. ఇక్కడ 1972 చట్టం వేటను నిషేధించింది, నెమలిని ముట్టుకుంటే జైలే. అది సరైనదే. అయితే గచ్చిబౌలి నెమళ్ల మీద తుపాకీ ఎవరూ ఎత్తలేదు, వాటి అడవి మీదికి జేసీబీలు దింపారు. 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమంటే చెట్ల నరికివేత ఆగింది.

మా దగ్గర షాట్‌గన్ చప్పుడు చట్టబద్ధంగా వినిపించేది హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని షూటింగ్ రేంజ్‌లో. హైదరాబాదీ కైనన్ చెనాయ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ట్రాప్‌లో కాంస్యం, జట్టుతో స్వర్ణం తెచ్చాడు. అక్కడ పంపు పనికిరాదు. గాల్లో ఎగిరే మట్టి పళ్లేనికి మొదటి గుండు తగలకపోతే రెండోది ఆ క్షణంలోనే పేలాలి, చెయ్యి లాగే తీరిక ఉండదు. అందుకే ఒకదాని మీద ఒకటి రెండు బ్యారెళ్లు.

టర్కీ వేటలో ఆ తొందర లేదు. ఉన్నదంతా కదలకపోవడమే. పుంజు తల తిప్పకుండానే మూడువంతుల లోకాన్ని చూస్తుంది, రంగులూ చూస్తుంది. అది ఎదురుగా నిలబడ్డాక వేటగాడు చేయాల్సిన చివరి కదలిక సేఫ్టీ మీట తీయడం. 870లో అది ట్రిగ్గర్ వెనక అడ్డంగా ఉండే బుడిపె, కుడి నుంచి ఎడమకు తోయాలి. కుడిచేతి చూపుడువేలికి సరిగ్గా అందుతుంది. 500 లో అది రిసీవర్ వెనక, పైన నడుమ ఉంటుంది. ఏ చేతి బొటనవేలయినా అక్కడే ఉంటుంది.

మావాడిది పుర్రచెయ్యి. చిన్నప్పుడు వాడు ఎడమచేత్తో ముద్ద కలిపితే మా అమ్మ మెత్తగా మొట్టేది.

అందుకని ఇలా రాశాను: “మాస్‌బర్గ్ 500 తీసుకో. పిస్టల్ గ్రిప్ ఉన్నది మాత్రం వద్దు, దానితో పైమీట బొటనవేలికి అందదు. ఎడమచేతి 870 కూడా చేశారు గానీ వెతకడం కష్టం. రెమింగ్టనే కావాలని మనసు పీకితే 870ల్లో పాత వింగ్‌మాస్టర్ రకం చూడు. టెక్సాస్‌లో నీ వయసువాళ్లకు వేట శిక్షణ కోర్సు తప్పనిసరి, ముందు అది ముగించు. ఆ తర్వాత మూడు రకాల తూటాలు కొని, ముప్పై గజాల్లో కాగితం మీద కాల్చి, ఏ రకం గింజలు ఎక్కువ పడ్డాయో లెక్కపెట్టు. ఆ లెక్క అయ్యేదాకా అడవిలో అడుగుపెట్టకు.”