నుమాయిష్: వినేదొకటి, ఉన్నదొకటి

జనవరి వచ్చిందంటే కాజీపల్లి కంపెనీల దగ్గర షిఫ్టు దిగేవాళ్ల నోట నాంపల్లి ఎగ్జిబిషన్ మాటే. బొల్లారం మీదుగా మియాపూర్ చేరితే, అక్కడ మెట్రో ఎక్కి గాంధీభవన్‌లో దిగడమే. ఆ ఎగ్జిబిషన్ గురించి చెప్పుకొనే మాటల్లో నిజాలెన్నో చూద్దాం.

అపోహ: నిజాం ఆలోచనతో పుట్టింది.
వాస్తవం: 1938లో ప్రారంభించింది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖానే. ఆలోచన మాత్రం ఉస్మానియా పట్టభద్రులది. హైదరాబాద్ రాష్ట్రంలో ఆర్థిక సర్వే చేయాలని వాళ్ల పట్టుదల, చేతిలో పైసల్లేవు. స్థానిక సరుకులతో ప్రదర్శన పెట్టి ఆ ఖర్చు రాబడదామనుకున్నారు. అలా పుట్టిందే ‘నుమాయిష్ మస్నూఆతే ముల్కీ’, అంటే స్థానిక ఉత్పత్తుల ప్రదర్శన.

అపోహ: మొదట్నుంచీ నాంపల్లి మైదానంలోనే, ఏటా ఆగకుండా జరుగుతోంది.
వాస్తవం: మొదలైంది పబ్లిక్ గార్డెన్స్‌లో. ఇప్పటి చోటికి మారింది 1946లో, మీర్జా ఇస్మాయిల్ హైదరాబాద్ రాష్ట్ర ప్రధానిగా ఉన్నప్పుడు. దేశ విభజన, పోలీసు చర్యల కాలంలో రెండేళ్లు ఆగింది. 1949లో రాజాజీ తిరిగి ప్రారంభించారు. ‘అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శన’ అన్న పేరు అప్పటిదే. 2021లో కరోనా మళ్లీ ఆపింది.

అపోహ: ఇదీ వరల్డ్ ఎక్స్‌పోనే.
వాస్తవం: కాదు. ఎక్స్‌పోకు 1928 నాటి ఒప్పందంతో ఏర్పడిన పారిస్ సంస్థ గుర్తింపు కావాలి. అక్కడ దేశాలు పెవిలియన్లు కడతాయి. భారత్‌లో ఏ నగరానికీ ఇంతవరకు ఆ అవకాశం రాలేదు. మన కృష్ణాతీరపు కొల్లూరు గనిలో దొరికిందని చెప్పే కోహినూర్ మాత్రం తొలి ఎక్స్‌పోగా చెప్పుకొనే 1851 నాటి లండన్ ప్రదర్శనకే వెళ్లింది. ఆశించినంత మెరవడం లేదని చూసినవాళ్లు పెదవి విరిచారు.

అపోహ: టికెట్ డబ్బులు ఎవరి జేబులోకో పోతాయి.
వాస్తవం: టికెట్లు, స్టాళ్ల అద్దెల రాబడి ఎగ్జిబిషన్ సొసైటీది. అది విద్యాసంస్థలు నడుపుతుంది. కమలా నెహ్రూ పాలిటెక్నిక్, సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయ ఆ మైదానంలోనే ఉన్నాయి. లండన్‌వాళ్లూ 1851 ప్రదర్శనలో మిగిలిన సొమ్ముతో సౌత్ కెన్సింగ్టన్‌లో స్థలం కొన్నారు. అక్కడే మ్యూజియాలు, కళాశాలలు లేచాయి.

అపోహ: పేరే ‘పారిశ్రామిక ప్రదర్శన’ కాబట్టి మన కాజీపల్లి సరుకూ అక్కడ అమ్ముకోవచ్చు.
వాస్తవం: కశ్మీరీ శాలువా, లక్నో చికన్ కుర్తా బేరమాడి సంచిలో వేసుకొస్తాం. మన దగ్గర తయారయ్యే బల్క్ డ్రగ్ అలా అమ్మేది కాదు. పొడిని ప్లాస్టిక్ కవర్లో కట్టి డ్రమ్ముకెత్తితే, కొనేది మాత్రలు చేసే మరో కంపెనీ. ఆ పరిచయాలకు బయోఏషియా వంటి ఔషధరంగ సదస్సులున్నాయి. నుమాయిష్ ఇప్పుడు ప్రధానంగా చిల్లర కొనుగోళ్ల సంత. అయినా ముల్కీ సరుకు చూపడానికే పుట్టిన ప్రదర్శన కదా! రియాక్టర్‌లో మొదలైన ముడిమందు మాత్ర ఎలా అవుతుందో పిల్లలకు చూపించేలా మన పారిశ్రామికవాడ కంపెనీలు కలిసి అక్కడ ఒక స్టాల్ పెట్టాలి.