మొక్కకు మునుపు మన్ను

నూతనగృహమును కట్టించుకొన్నవారు, గోడలకు వేసిన రంగు ఆఱకమునుపే, ముంగిట పచ్చిక పఱపించి, ప్రహరీగోడ పొడవున గులాబులను, మల్లెలను, నూఱువరహాలను నాటింపవలెనని ఉత్సహించుట సహజమే. నర్సరీకి పోయి, విరియబూచిన కుండీలను చూచి, రంగును బట్టియు వెలను బట్టియు మొక్కలను ఎన్నుకొందురు; కాని ఆ మొక్క బ్రతికినన్నాళ్లు వేరూని నిలువవలసిన మన్నును ఒక్క గుప్పెడైనను చేతికెత్తి చూడరు. మఱుసటి యేటికి పచ్చిక పాలిపోయి, నూఱువరహాల చిగుళ్లు పసుపెక్కి, గులాబుల వేళ్లు కుళ్లినప్పుడు దోషమును తోటమాలిపైనను ఎరువులపైనను మోపుదురు. తోటపెంపకమున మనము పోగొట్టుకొను ధనములో అధికభాగము ఈ యుపేక్షకు చెల్లించు దండుగయే అని నా దృఢవిశ్వాసము.

మన ప్రాంతమున మన్ను అన్ని చోట్ల ఒక్కటి గాదు. తెలంగాణమునందు విస్తారముగా వ్యాపించిన గ్రానైటు శిల, సుమారు 250 కోట్ల సంవత్సరముల వయస్సు గలది, ఎండకును వానకును చితికి చితికి ఎఱ్ఱ చెలకగా మాఱినది. అందలి ఇనుము తుప్పుపట్టుటచేతనే దానికి ఆ యెఱుపు. దాదాపు 6 కోట్ల 60 లక్షల యేండ్లకు పూర్వము దక్కను పీఠభూమిపై పొరలు పొరలుగా ప్రవహించి గడ్డకట్టిన లావా శిథిలమగుటచే ఆదిలాబాదు వైపు నల్లరేగడి పుట్టినది. అయితే నల్లనేలకు లావాయే కావలెనను నియమము లేదు: గ్రానైటు ప్రాంతములందును, మెరకనుండి కరగివచ్చిన సున్నము మొదలైన లవణములు పల్లమున చేరి నిలిచినచోట నల్లని బంకనేల ఏర్పడును. అందుచేతనే ఒక్క కాలనీలో ఎగువవీధి యింటికి ఎఱ్ఱమన్నును, చెఱువు దాపున నున్న యింటికి నల్లమన్నును ఉండుట వింత గాదు. 1972లో పటాన్‌చెరువు వద్ద నెలకొన్న ఇక్రిశాట్ పరిశోధనాక్షేత్రమున ఈ రెండు నేలలును ఒకే యావరణలో ఉన్నవి. వానిలో ఒకదానికి తగిన సేద్యము రెండవదానికి తగదని అక్కడి శాస్త్రజ్ఞులు పంటలు పండించి చూపిరి.

నేలను తెలిసికొనుటకు మొదటి పరికరము చేయి. పైచెత్తను తొలగించి, జానెడు లోతునుండి గుప్పెడు మన్ను తీసి, రాళ్లను ఏఱివైచి, నీటిచుక్కలు చిలుకరించుచు పూరీపిండివలె ముద్దయగునంతవఱకు పిసికి, బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ ఉంచి పట్టీగా ముందునకు త్రోయవలెను. పట్టీ సాగక రాలిపోయి, వ్రేళ్లకు గరగరమని తగిలినచో అది ఇసుకపాలు హెచ్చైన దుబ్బనేల; అంగుళము మేర సాగి తెగినచో గరపనేల; రెండంగుళములు మించి నున్నగా మెఱయుచు సాగి, చేయి కడిగినను గోళ్లసందులను వదలకున్నచో అది బంకనేల. ఇంకను స్పష్టముగా చూడదలచినవారు మూత గల గాజుసీసాలో మూడవవంతు మన్ను వైచి, నీరు నింపి, చిటికెడు సబ్బుపొడి చేర్చి, బాగుగా కుదిపి కదలక ఉంచవలెను. ఒకటి రెండు నిమిషములకే ఇసుక అడుగుబట్టును. కొన్ని గంటలకు ఒండ్రు దానిపై పేరుకొనును. మిల్లీమీటరులో ఐదువందలవ వంతునకైనను చాలని బంకరేణువులు మాత్రము రోజంతయు గడచినను నీటిలో తేలాడుచు మిక్కిలి మెల్లగా దిగును. తేఱిన పిమ్మట మూడు పొరల మందమును స్కేలుతో కొలిచిన, ఏది యెంత పాలున్నదో తెలియును.

బంకనేల విషయమున జనులు చేయు పొరపాట్లు రెండింటిని కొంత విస్తరించి చెప్పవలసియున్నది. నల్లరేగడి తడిసినప్పుడు ఉబ్బి, ఎండినప్పుడు కుంచించుకొని నెఱ్ఱెలు విచ్చును. వర్షకాలమున దాని రంధ్రములు మూసికొనిపోయి వేళ్లకు గాలి యాడదు. దానిని గుల్లచేయనెంచి కొందఱు నాలుగు తట్టల ఇసుక కలుపుదురు. ఇసుకరేణువులు ఒండొంటిని తాకునంత అధికముగా చేరిననే గాని ఫలము కలుగదు. కొలదిగా చేరినచో బంక ఆ రేణువుల సందులను పూడ్చి, నేల మునుపటికంటెను గట్టిపడును. మఱికొందఱు నల్లనేలపై అర అడుగు ఎఱ్ఱమన్ను తోలించి దానిమీద పచ్చిక వేయింతురు. వాననీరు పైమన్నులో వడిగా దిగి, క్రింది నల్లపొర యంచున ఆగిపోవును. గడ్డివేళ్లు ఆ నీటిలో నానును, వేసవియందు ఆ యంచును దాటి లోతునకు పోనేరక వాడును. పైమన్ను పోయక తప్పనిచో, ముందుగా క్రిందినేలను త్రవ్వి, కొత్తమన్ను రెండంగుళముల మేర దానితో కలియబెట్టి, ఆ పిమ్మట మిగిలినది పఱవవలెను. బంకనేలను నిజముగా మార్పగలది చివికిన పశువుల ఎరువు, ఆకుకుళ్లు వంటి జీవపదార్థమే. అది బంకరేణువులను గుళికలుగా కూర్చి నడుమ గాలికి త్రోవ చేయును. మన ఉష్ణదేశమున అది శీఘ్రముగా హరించిపోవును గనుక ఏటేట వేయవలసినదే. గులాబియు దేవగన్నేరును నిలువనీటిని ఓర్వవు. నల్లనేలలో వానిని ఎత్తుమళ్లపై నాటి, ప్రక్కన కాలువ తీయవలెను. ఆ తీరుననే, విశాలమైన ఎత్తుమళ్లును, వాని నడుమ కాలువలును గల పద్ధతిని ఇక్రిశాట్ వారు నల్లరేగడి పొలములకు ప్రచారము చేసిరి.

నల్లనేలల రెండవ గుణము సున్నము. త్రవ్వినప్పుడు తెల్లని గులకలు కనబడినచో వానిపై నిమ్మరసము పిండి చూడవలెను. బుసబుస నుఱుగెత్తినచో అది సున్నమే. అట్టి నేల క్షారగుణము గలది. ఉదజని సూచిక 7 తటస్థము కాగా, 8 దాటినచోట మన్నులో ఇనుము ఎంత యున్నను వేళ్లకందని రూపమున బిగిసియుండును. అచట నాటిన నూఱువరహాల కొమ్మను దగ్గఱగా చూడుడు: ముదురాకులు పచ్చగనే యుండగా, కొనయాకులు నిమ్మపండు చాయకు తిరిగి, వాని ఈనెలు మాత్రము సన్నని ఆకుపచ్చ గీతలుగా నిలిచియుండును. ఇది ఇనుపధాతు లోపము. నత్రజని లోపించినప్పుడు ఇందుకు విపర్యయముగా క్రింది ముదురాకులే ముందు పసుపెక్కును. ఈ భేదము నెఱుగక యూరియా చల్లుట వృథావ్యయము. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేదియు 1 గ్రాము నిమ్మఉప్పును కలిపి చల్లిన మొక్క కొన్నాళ్లు తేఱుకొనును. కాని నేల మాఱదు. అట్టిచోట గన్నేరు నాటుట వివేకము. ఎఱ్ఱ చెలకలో పోషకములు తక్కువయైనను నీరు చక్కగా దిగును గనుక మల్లె, కాగితపుపూలు, సీతాఫలము అందు సుఖముగా పెరుగును.

నగరములందు ఈ లెక్కలన్నిటిని తాఱుమాఱు చేయునది మేస్త్రీలు వదలిపోయిన శిథిలము. సిమెంటు కలిపిన చోట, సున్నపు పెచ్చులు పూడ్చిన చోట ఎఱ్ఱనేలయు క్షారమగును. లారీచక్రములు త్రొక్కిన నేల గడ్డపాఱకును లొంగదు. పచ్చికకు స్థలము సిద్ధపఱచునపుడు కనీసము అడుగు లోతు త్రవ్వి, ఇటుకముక్కలను ఏఱించి, నీరు కట్టి రెండు మూడు వారములు ఊరకుంచవలెను. తోలించిన మన్నుతో వచ్చిన తుంగగడ్డలు ఆ వ్యవధిలో మొలకెత్తి బయటపడును. గడ్డలతోసహా పెఱికివేయుటకు అదియే యదను. పచ్చిక పఱచిన పిమ్మట తుంగను తొలగించుట బహుకష్టము.

తీరప్రాంతమునను, మురుగు తీయని ఆయకట్టులందును చౌడు కలదు. పైన తెల్లని పొర పేరుకొను పాలచౌడును మంచినీరు నిలిపి లవణము కడిగిపోవునట్లు చేసి బాగుచేయవచ్చును. సోడియము పట్టి, తడిసిన జారుచు ఎండిన రాయిగట్టు కారుచౌడు నీటికి లొంగదు. దానికి ముందు జిప్సము వేయవలెను. అందలి కాల్షియము సోడియమును తొలగించును, తొలగినదానిని నీరు దిగువకు కొనిపోవును. కొన్ని బోరుబావుల నీరే మంచినేలను మెల్లమెల్లగా చౌడుగా మార్చును గనుక మన్నుతోపాటు నీటినిగూడ పరీక్షింపజేయుట మంచిది. గరిక, కానుగ, సరుగుడు చౌడును చాలవఱకు సహించును.

వ్యవసాయశాఖవారి భూసార పరీక్షాకేంద్రమునకు మన్ను పంపదలచినవారు, ఎరువుకుప్పల దాపులను, గోడవారలను విడిచి, ఎనిమిది పది చోట్ల జానెడు లోతునుండి మన్ను తీసి కలిపి, కుప్పను నాలుగు భాగములు చేసి ఎదురెదురు భాగములను తీసివైచుచు, అరకిలో మిగులునంతవఱకు తగ్గించి, నీడన ఆఱబెట్టి పంపవలెను. ఎండ చాలని చోట మాత్రము ఏ పరీక్షయు అక్కఱకు రాదు. మామిడి క్రింద మన్ను నెంత బాగుచేసినను గరిక బ్రతుకదు, దానికి ఎండయే ప్రాణము. అట్టిచోట గడ్డి కొఱకు పెనగులాడక, రాలిన యాకులను ఊడ్వక పేరుకొననిచ్చినచో, రెండు మూడేండ్లకు అడుగున చివికిన నల్లని ఆకుకుళ్లును పైపైన గీకి, ఎండతగులు పచ్చికకు పలుచగా చల్లుకొనవచ్చును.