సూడాన్‌లో ఆహారానికీ ఆకలికీ మధ్య ఉన్న దూరం

అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఫిలిప్పు రథమెక్కి వాక్యం వివరించిన మంత్రి మనందరికీ తెలిసినవాడే. బైబిలు అతణ్ణి ఐతియొపీయుడంటుంది. అయితే కందాకే రాణులు ఏలిన మెరోయే నగర శిథిలాలు నేటి ఐతియొపీయలో లేవు. సూడాన్‌లో, నైలు నది చెంత ఉన్నాయి. అంటే ఆ మంత్రి స్వదేశం నేటి సూడానే.

ఆ దేశంలో 2023 ఏప్రిల్ 15న సైన్యానికీ, ర్యాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్ అనే సాయుధ దళానికీ మధ్య యుద్ధం మొదలైంది. కోటి మందికి పైగా ఇళ్లు విడిచిపోయారు. 3 కోట్లకు పైగా ప్రజలకు సహాయం అవసరమని ఐక్యరాజ్యసమితి 2025 ప్రణాళికలో లెక్కగట్టింది. అది ఆ దేశ జనాభాలో సగానికి మించిన సంఖ్య. ఇన్ని సంస్థలు పనిచేస్తున్నా ఆకలి ఎందుకు తీరడం లేదని మన సంఘాల్లో చాలామంది అడుగుతున్నారు. కావలసినంత డబ్బు అందకపోవడం ఒక కారణం. డబ్బు అందిన తర్వాత కూడా ఆహారం ఎంత దూరం ప్రయాణించాలో తెలిస్తే రెండో కారణం అర్థమవుతుంది.

సమన్వయం లేకపోతే సహాయం దారి దగ్గరున్న శిబిరానికి రెండుసార్లు చేరుతుంది, లోపలి శిబిరానికి అసలు చేరదు. మందులు వస్తాయి, వాటిని చల్లగా ఉంచే జనరేటరుకు డీజిల్ ఉండదు. అందుకే 1991 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ అత్యవసర సహాయాన్ని సమన్వయం చేయడానికి ఒక ఉన్నతాధికారిని ఏర్పాటు చేసింది. 2005 నుంచి పనిని విభాగాలుగా పంచుకుంటున్నారు. ఆరోగ్యానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ, నీటికీ పిల్లల పోషణకూ యునిసెఫ్, ఆహారానికి ప్రపంచ ఆహార కార్యక్రమం, ఆహార వ్యవసాయ సంస్థ బాధ్యత వహిస్తాయి. ఎవరు ఎక్కడ ఏమి చేస్తున్నారో ఒకే పటం మీద చూసుకోవడం దీని ఉద్దేశం.

అయితే ఆ పటం మీద గీసిన దారిని తెరవడం తుపాకులు పట్టినవారి చేతిలో ఉంది. ఓడలు ఎర్ర సముద్రం ఒడ్డున పోర్ట్ సూడాన్‌కు వస్తాయి. ఆకలి తీవ్రంగా ఉన్న డార్ఫుర్ దేశానికి మరో చివర ఉంది. డార్ఫుర్‌కు దగ్గరి దారి చాద్ సరిహద్దులోని ఆడ్రె. ఆ దారిన ప్రత్యర్థులకు ఆయుధాలు వస్తున్నాయంటూ సైనిక ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో దాన్ని మూసింది. ఆగస్టులో మళ్లీ తెరిచేనాటికి వానలకు వాగులు పొంగి, లారీలు బురదలో చిక్కుకున్నాయి. అదే ఆగస్టు ఆరంభంలో ఎల్ ఫాషెర్ నగరం పక్కనున్న జమ్జమ్ శిబిరంలో కరువు నెలకొన్నదని నిపుణులు నిర్ధారించారు.

అనుమతులు తీసుకున్నా భద్రత లేదు. 2025 జూన్‌లో ప్రపంచ ఆహార కార్యక్రమం, యునిసెఫ్‌ల 15 లారీలు పోర్ట్ సూడాన్ నుంచి 1,800 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, ముట్టడిలో ఉన్న ఎల్ ఫాషెర్‌కు సుమారు 80 కిలోమీటర్ల దూరంలో అల్ కోమా దగ్గర ఆగాయి. వాటి దారి రెండు పక్షాలకూ ముందే తెలిపారు. అయినా వాటిపై దాడి జరిగింది, ఐదుగురు చనిపోయారు. తప్పు నీదంటే నీదని రెండు పక్షాలూ నిందించుకున్నాయి. ఆ నగరంలో జనం పశువుల దాణాగా వాడే వేరుశనగ చెక్క తిని బతికారు. అక్టోబరు చివరిలో నగరం ర్యాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్ వశమైంది.

లారీలు చేరని చోట అన్నం వండుతున్నది ఎవరు? పేటల్లోని యువతీయువకులే. ఎమర్జెన్సీ రెస్పాన్స్ రూమ్స్ పేరుతో వాళ్లు ఉమ్మడి వంటశాలలు నడుపుతున్నారు, గాయపడినవారిని చేరవేస్తున్నారు. వీరికి 2025లో రైట్ లైవ్లీహుడ్ అవార్డు లభించింది. అదే ఏడాది ఆరంభంలో అమెరికా విదేశీ సహాయాన్ని నిలిపివేయగానే వీరి వంటశాలలు వందల సంఖ్యలో మూతపడ్డాయి. పెద్ద సంస్థల సమన్వయ సమావేశాల్లో ఇలాంటివారికి చోటు ఇవ్వాలి. వారి చేతికి నేరుగా డబ్బు చేరాలి.

సూడాన్‌లో క్రైస్తవులు అల్పసంఖ్యాకులు. మన కానుకలు ముందు మనవారికే అందాలి కదా అని కొందరు అడగవచ్చు. 1994లో రెడ్‌క్రాస్‌తో కలిసి సహాయ సంస్థల ప్రవర్తనా నియమావళిని రూపొందించినవారిలో కారితాస్, లూథరన్ వరల్డ్ ఫెడరేషన్, ప్రపంచ సంఘాల మండలి ఉన్నాయి. సహాయం అవసరాన్ని బట్టే ఇవ్వాలనీ, మతాన్నిగానీ రాజకీయాన్నిగానీ ముందుకు నెట్టడానికి దాన్ని వాడకూడదనీ ఆ నియమావళి చెబుతుంది. యుద్ధభూమిలో ఇది ప్రాణాలు కాపాడే నియమం కూడా. ఒక పక్షం మనిషిగా ముద్రపడినవాడిని రెండో పక్షం తన చెక్‌పోస్టు దాటనివ్వదు.

ఈ విషయం ఆదిమ సంఘానికి కొత్త కాదు. 6వ అధ్యాయంలో అనుదిన ఆహారపు పంపకంలో గ్రీకు భాష మాట్లాడేవారి విధవరాండ్రు విడువబడ్డారన్న సణుగు పుట్టింది. యెరూషలేములో ఆహారం ఉంది, అది కొందరికి చేరలేదు. అపొస్తలులు ఆ ఫిర్యాదును కొట్టిపారేయలేదు. మంచి పేరున్న ఏడుగురిని ఆ పనికి ఏర్పరచారు. వారిలో ఒకడు ఫిలిప్పు. రెండు అధ్యాయాల తర్వాత సూడాన్ మంత్రి రథమెక్కినవాడు ఇతడే. పౌలు కూడా యెరూషలేము పరిశుద్ధుల కొరకు పోగుచేసిన చందాను ఒంటరిగా మోయలేదు. ఎవరూ తప్పుపట్టకుండునట్లు సంఘాలు ఏర్పరచిన సహోదరులను వెంటబెట్టుకున్నాడని 2 కొరింథీయులకు 8వ అధ్యాయంలో చదువుతాం.

కాబట్టి ప్రత్యేక కానుక పట్టే ముందు మన సంఘ పెద్దలు మూడు ప్రశ్నలు అడగాలి. ఆ సంస్థ ఇతర సంస్థలతో కలిసి పనిచేస్తున్నదా? స్థానికుల చేతికి ఎంత చేరుతున్నది? లెక్క చూపుతున్నదా? పాత బట్టల మూటలకన్నా డబ్బు మేలు, ఎందుకంటే దగ్గరి సంతలో దొరికేది అక్కడే కొనవచ్చు.

ప్రార్థనలో సూడాన్ పేరు తలచేటప్పుడు లారీ డ్రైవర్ల కోసం, వంటశాలల యువత కోసం, సరిహద్దు దారులు తెరచి ఉంచే అధికారుల మనస్సుల కోసం ప్రత్యేకంగా విజ్ఞాపన చేద్దాం.