సైకిల్ ఇచ్చారు.. మరి బాటో?

వేప్పనపల్లి: మూడు రాష్ట్రాల హద్దులకు దగ్గరున్న ఈ ప్రాంతంలో చిన్న పల్లెలకు ఇంకా మట్టిబాటలే దిక్కు. ఒక విధంగా మనం నయం. మనది ఎర్రగరుసు నేల. వాన నీళ్లు తొందరగా ఇంకిపోతాయి, కాసేపాగితే సైకిల్ తొక్కొచ్చు. కర్నూలు, ప్రకాశం జిల్లాల నల్లరేగడిలో ఆ పప్పులుడకవు. తడిసిన బంక మడ్‌గార్డులో ఇరుక్కుని చక్రమే తిరగదు. సైకిలెక్కి పోవాల్సినోళ్లు సైకిల్ని ఎత్తుకుని నడవాల్సిందే!

అయితే మన కష్టమంతా ఎండాకాలంలోనే. గరుసు పైకి తేలి మలుపుల్లో టైరు జారుతుంది. మామిడికాయల ట్రాక్టర్లు తిరిగితే గాడులు పడతాయి. టైర్లో గాలి కొంచెం తగ్గిస్తే పట్టు దొరుకుతుంది, మరీ తగ్గిస్తే రాయి తగిలి ట్యూబు పోతుంది.

తమిళనాడులో 2001-02లో ఎస్సీ, ఎస్టీ బాలికలతో మొదలైన ఉచిత సైకిళ్ల పథకం 2005-06 నుంచి ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల ప్లస్ వన్ పిల్లలందరికీ వర్తించింది. మెచ్చుకోవాల్సిందే. బాటల సంగతే వెనకబడింది. 2000లో వచ్చిన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మైదానాల్లో 500 జనాభా దాటిన ఊళ్లనే లెక్కలోకి తీసుకుంది. పదిళ్ల కొట్టాల పిల్ల పొద్దుగూకేలోగా ఇల్లు చేరాలంటే, తారురోడ్డు దాకా తొక్కి, గాడులు పడినచోట దిగి నెట్టుకుంటూ పోవాలి.