చుక్కాని పట్టు యంత్రము

సముద్రయానమనగానే మనకు పెద్ద ఓడలు స్ఫురించుట సహజము. నేడు నేను ప్రస్తావింపబోవునది 30 అడుగుల పొడవు గల చిన్న తెరచాప నావ. ఆలుమగలో, స్నేహితులిద్దరో అట్టి నావనెక్కి రేవునుండి రేవునకు విహరింతురు. ఈ యాత్రలో మనుష్యుని తుపానుకంటె ఎక్కువగా అలయించునది చుక్కాని. రాత్రింబవళ్లు ఎవరో యొకరు దాని కఱ్ఱను పట్టుకొని కూర్చుండవలెను. ఒకరు నిద్రించునపుడు రెండవవారికి తెరచాప దించుటకు గాని, పటము చూచుటకు గాని, గ్రుక్కెడు నీళ్లు కాచుకొనుటకు గాని చేయి తెరపి యుండదు. మూడవనాటి రాత్రికి కన్నులు మూతపడును. పొరపాట్లు అప్పుడే జరుగును. ఈ పనికి యంత్రమును నియోగించుట యెట్లు? నియోగించిన పిదప మనము జాగ్రత్తపడవలసిన దేమి?

యంత్రమును కొనుటకు పూర్వము నావను కుదుర్చుకొనవలెను. జాషువా స్లోకమ్ అను నావికుడు 1895 ఏప్రిలులో అమెరికాలోని బోస్టను రేవునుండి 'స్ప్రే' అను సుమారు 37 అడుగుల నావలో ఒంటరిగా బయలుదేరి, భూమిని చుట్టి, 1898 జూనులో మరల అమెరికా చేరెను. ఒంటరిగా నావపై భూప్రదక్షిణము చేసినవారిలో ఆయనయే ప్రథముడు. ఆయనవద్ద చుక్కాని పట్టు యంత్ర మేదియు లేదు. అయినను ఆస్ట్రేలియాకు ఉత్తరముననున్న థర్స్‌డే ద్వీపమునుండి హిందూమహాసముద్రములోని కీలింగు దీవులకు 2,700 మైళ్లు 23 దినములలో దాటుచు, మొత్తముమీద మూడు గంటలకు మించి చుక్కాని పట్టలేదని తానే వ్రాసికొనెను. తెరచాపలను సరిగా అమర్చి చుక్కానిని త్రాటితో కట్టివేయగా నావ తన దారిని తానే పట్టెను. నేటి నావలన్నియు అంత నెమ్మదివి కావు. అయినను ధర్మమొకటే. తెరచాప మితిమీరి నావ ఒకవైపునకు లాగుచుండగా యంత్రమును తగిలించినచో, అది నావతో పెనుగులాడుటకే సరిపోవును.

ఇట్టి యంత్రములు రెండు విధములు. మొదటిది గాలిరెక్క. నావ వెనుక భాగమున నొక పలుచని రెక్కను, అంచు గాలికెదురుగా ఉండునట్లు నిలుపుదురు. నావ దారి తప్పినంతనే గాలి రెక్క ప్రక్కను తాకి దానిని వాల్చును. ఆ వాలు నీటిలోని యొక తెడ్డును మెలిపెట్టును. పారు నీరు ఆ తెడ్డును బలముగా ప్రక్కకు నెట్టగా, దానికి కట్టిన త్రాళ్లు చుక్కాని కఱ్ఱను లాగును. విద్యుత్తుతో పనిలేదు. 1960లో అట్లాంటిక్ సముద్రముపై జరిగిన ఒంటరి నావికుల పందెములో 40 దినములకు గెలిచిన ఛిచెస్టరును, 48 దినములకు రెండవవాడైన హాస్లరును గాలిరెక్కలనే నమ్ముకొనిరి. అయితే ఇది గాలిని అనుసరించును గాని దిక్కును కాదు. గాలి మళ్లినచో నావయు మళ్లును. గాలి పడిపోయినచో రెక్కయు నిలిచిపోవును.

రెండవది విద్యుత్ యంత్రము. దీనిలో నొక దిక్సూచి యుండును. నావ నిర్ణీతమైన దిక్కును వీడగానే చిన్న మోటారు మరను త్రిప్పి ఒక కడ్డీని ముందుకు వెనుకకు జరుపును. ఆ కడ్డీ చుక్కాని కఱ్ఱను నెట్టును, లాగును. చుక్కాని ఇరుసునకు సుమారు 18 అంగుళముల దూరమున కఱ్ఱకు మేకు దిగవేసి, కడ్డీ కొనను దానికి తగిలింతురు. రెండవ కొనకు ఆధారమగు చోటు మిక్కిలి దృఢముగా నుండవలెను. దిక్సూచికి దాపున ఇనుము ఉండరాదు. మీరిపుడు నా మాట వినుచున్న రేడియోలోని అయస్కాంతము సైతము దానిని దారి తప్పింపగలదు.

విద్యుత్తు లెక్కను మరువరాదు. యంత్రము సగటున 2 ఆంపియర్లు వాడినచో దినమునకు 48 ఆంపియర్ గంటలు వ్యయమగును. సీసపు బ్యాటరీని సగమునకు మించి వాడుట దానికి చేటు. కావున 100 ఆంపియర్ గంటల బ్యాటరీ ఒక్క దినమునకే సరిపోవును. సూర్యరశ్మి పలకలో, ఇంజనో దానిని మరల నింపవలెను.

ఇక ముఖ్యవిషయము. మనుష్యుడు చుక్కాని వదలినచో సామాన్యముగా నావ గాలికెదురు తిరిగి, తెరచాపలు రెపరెపలాడ, వేగము తగ్గి నిలుచును. ఇది నావకు గల సహజమైన దయ. యంత్రము తగిలించినంతనే ఆ దయ తొలగును. ఒంటరిగా మెలకువనున్నవాడు కాలుజారి నీటబడినను, యంత్రము తన దారి తాను తప్పదు. గంటకు 5 సముద్రపు మైళ్ల వేగముతో పోవు నావ నిమిషమునకు 500 అడుగులు దాటును. లోపల నిద్రించు తోడివానికి ఏమియు తెలియదు. ఈతగాడైనను దానిని అందుకొనజాలడు.

కావున యంత్రమును బిగించిన దినముననే నావ పొడవునా ఒక గట్టి త్రాడును బిగింపవలెను. రాత్రి పైకి వచ్చువాడు తన నడికట్టును దానికి తగిలించుకొనక అడుగు వేయరాదు. ఎదురువచ్చు ఓడను యంత్రము చూడజాలదు. ఎవరో యొకరు కాచుకొనియే యుండవలెను. కడ్డీని మేకునుండి ఒక్క ఊపున విడదీయుట పగటివేళ, నెమ్మదియైన నీటిలో, ఇద్దరును అభ్యసింపవలెను. యంత్రము మన చేతికి విశ్రాంతి నిచ్చును. మన కంటికి మాత్రము ఈయదు.